‘లే’ అని నొక్కితే లేవని ఆట

నాకు ఈ మనసు జబ్బు వచ్చిందని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘బాగా ఏడ్చేదానివా?’ లేదు. ఆ యేడాది మొత్తం మీద నేను కన్నీళ్ళు పెట్టుకుంది ఒక్కసారే, అది కూడా ఉల్లిగడ్డలు కోస్తూ. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. మా ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేది. ఏడ్చే మనిషి పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు. ఇంటి నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూసే ముప్పై ఒక్కేళ్ళ మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు? మా అమ్మ నా చుట్టూ ఊడ్చుకుంటూ పోయేది. లేచాక చూస్తే నా ఆకారంలో దుమ్ము మిగిలి ఉండేది.

ఇప్పుడు బాగున్నాను. పూర్తిగా అని చెప్పను, చాలావరకు. భయం తగ్గాక మిగిలింది వింత. నాకు జరిగింది నాకే అర్థం కాలేదు కాబట్టి దాన్ని విప్పి చూడాలనిపించింది. మొదటి నుంచీ నాకు ఆ బుద్ధి ఉంది. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి, తిరిగి బిగించలేక తన్నులు తిన్నాను. ఈ జబ్బును కూడా అలాగే విప్పాను, ఒక ఆట తయారుచేసి. బిగించడం ఇంకా పూర్తిగా రాలేదు. ఎవరికైనా ఉపయోగపడుతుందేమోనని, నన్ను నేను కాస్త కుదుటపరుచుకోవచ్చని ఇది రాస్తున్నాను.

ఆగస్టు

మాది ఆళ్ళగడ్డ. శిల్పుల ఇల్లు. మా నాయన, ఆయన నాయన, ఆయన నాయన, అందరూ దేవుళ్ళను చెక్కినవాళ్ళే. నేను మాత్రం నంద్యాలలో కంప్యూటర్లు చదివి, రెండేళ్ళు అక్కడే ఒక ఫ్లెక్సీల దుకాణంలో పుట్టినరోజు శుభాకాంక్షల కింద చిన్నా పెద్దా మొహాలు అతికించి, విసుగొచ్చి ఇంటికి చేరాను. పెళ్ళి సంగతి ఇక్కడ రాయను. అది వేరే జబ్బు.

ఇంటి వెనక షెడ్డులో నా పని గీతలు గీయడం. విగ్రహం వొళ్ళు తయారయ్యాక, ముఖం మీద జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, కళ్ళూ ముక్కూ పెదవులూ గీసి ఇస్తాను. ఆ గీత వెంట నాయన ఉలి నడుపుతాడు. ‘ఆడపిల్లను రాయి ముందర కూర్చోబెడతావా’ అని వీధిలో వాళ్ళు అంటే, ‘నీకంటే బాగా గీత గీస్తాది, నువ్వు కూర్చో పో’ అని నాయన అన్నాడట. నాయన నన్ను నేరుగా మెచ్చుకున్నది ఎన్నడూ లేదు. ఈ మాట కూడా వేరేవాళ్ళ నోటి నుంచే నాకు తెలిసింది.

మా షెడ్డులో ఒక నియమం ఉంది. ముఖం దగ్గర కూర్చున్నవాళ్ళను పిలవకూడదు. పిలిస్తే ఉలిక్కిపడతారు, ఉలి జారుతుంది, ముక్కు చిట్లుతుంది. ముక్కు చిట్లిన దేవుడు పూజకు పనికిరాడు. నాకు మాటలు రాకముందే ఈ నియమం వచ్చిందని అమ్మ అంటుంది. పాలు పొంగినా, చుట్టాలొచ్చినా, నాయన ముఖం దగ్గరుంటే ఎవరూ నోరెత్తరు. ఒకసారి మా మేనత్తను తేలు కుట్టింది. ఆమె కాలు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి, తమ్ముడు తల ఎత్తేదాకా పళ్ళు బిగించుకుని చూసిందే గానీ పిలవలేదు. ఆ కథ మా ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పేదాన్ని.

ఆ ఆగస్టులో ఉయ్యాలవాడ పక్కన ఒక పల్లెకు అమ్మవారిని చేయాలి. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నారు. వొళ్ళంతా నాయన తయారుచేసి నాకు అప్పజెప్పాడు. నేను రాయి ముందు కూర్చుని కుంచె జాజులో ముంచాను. చెయ్యి పైకి లేవలేదు. నొప్పి లేదు, వణుకు లేదు, దిగులు కూడా లేదు. కుడిచెయ్యి తొడ మీద ఉంది, ఎత్తాలి అన్న సంగతి నాకు తెలుసు, అంతే. కుంచె ఎండిపోయింది. మళ్ళీ ముంచాను. మళ్ళీ ఎండిపోయింది. పదకొండు రోజులు అలాగే జరిగింది. ఉదయం కూర్చునేదాన్ని, పొద్దు వాలాక లేచేదాన్ని. నాయన నా వెనక నుంచి వచ్చి చూసి, చడీచప్పుడు లేకుండా వెనక్కి పోవడం నాకు తెలిసేది.

పన్నెండో రోజు నాయనే గీసుకుని, గడువు తరుముతుంటే రెండు రోజుల్లో ముఖం తీశాడు. ముక్కు చిట్లింది. ట్రాక్టర్‌లో గడ్డి పరుచుకుని అమ్మవారి కోసం వచ్చినవాళ్ళు గడ్డితోనే వెనక్కి పోయారు. పల్లె పెద్దలకు నాయన చేతులు జోడించడం నేను కిటికీలోంచి చూశాను. ఆయన ఎవరికైనా చేతులు జోడించగా నేను చూడడం అదే మొదలు. చాలా సిగ్గేసింది. సిగ్గేసినా లేచి బయటికి పోలేకపోయాను.

లోపలికొచ్చి అమ్మతో అన్నాడు, నాకు వినబడేటట్టే: “పదకొండు దినాలు బొమ్మ మాదిరి కూర్చునె. ఒక్క గీత గీయలే. సోమరితనం గాకపోతే ఏందిది?”

ఆ తర్వాత నాతో మాటలు ఆపేశాడు. మా ఇళ్ళల్లో మాటలు ఆపడమంటే మాట్లాడకపోవడం కాదు, అమ్మ ద్వారా మాట్లాడటం. ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. నాయన గోడకు చెబుతున్నట్టు “ఆయమ్మను తినమను” అంటాడు. అమ్మ నా వైపు తిరిగి “తినమంటాండాడు” అంటుంది. నేను “ఆకలిగా లేదని చెప్పు” అంటాను. అమ్మ మెడ ఆ నెలలో తిరిగినన్ని తిరుగుళ్ళు మా ఫ్యాను కూడా తిరిగి ఉండదు.

అక్టోబరు, నవంబరు

అమ్మ రెండు తాయెత్తులు కట్టించి, ఒక మొక్కు మొక్కి, రక్తపరీక్ష చేయించింది. చివరికి మా వీధిలో ఉండే నర్సు చెబితే నన్ను నంద్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. తల దువ్వి, చీర కట్టి, పసిపిల్లను తీసుకుపోయినట్టు బస్సెక్కించింది. శిరివెళ్ళ దాటాక అమ్మ అడిగింది: “డాక్టరమ్మ అడిగితే ఏం చెప్తావు?”

“తెల్దు.”

“నాకూ తెల్దు పాపా. నువ్వు ఏమైనా చెప్తే నేనూ విందామనుకుంటాండా.”

అదీ నా భయం. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చెయ్యి లేవలేదు అంటే పక్షవాతం అంటారు. లేవాలనిపించలేదు అంటే నాయన అన్న మాటే ఖాయమవుతుంది. నేను నిజంగా సోమరినేమో అని నాకే అనుమానం ఉండేది. నిజం చెప్పాలంటే ఆ జబ్బులో అన్నిటికన్నా నలిపేసింది ఆ అనుమానమే.

ఆ ఆసుపత్రిలో మనసు డాక్టరమ్మకూ ఎముకల డాక్టరుకూ కలిపి ఒకే హాలు. దానివల్ల ఒక సౌకర్యం ఉంది. మనసు బాగాలేని వాళ్ళందరూ మోకాళ్ళ నొప్పుల వాళ్ళలాగా కూర్చోవచ్చు. రెండోసారి పోయినప్పుడు మా ఊరి బియ్యం అంగడాయన భుజం పట్టుకుని ఎదురుగా కనిపించాడు. “ఏమ్మా, నువ్వేందీడ?” అన్నాడు. “మోకాలు నొప్పన్నా” అన్నాను. అంతటితో ఆగక, మంచినీళ్ళకు లేచినప్పుడు కుంటుతూ నడిచాను కూడా. చీటీలు రాసే ఆవిడ అదంతా చూసింది. మామూలుగా ‘డాక్టరమ్మ పేషెంట్లు’ అని కేకేసే మనిషి, ఆయన పోయేదాకా నన్ను పిలవకుండా ఆపి, తర్వాత దగ్గరికొచ్చి “మోకాలు, లోపలికి రామ్మా” అంది. ఆ రోజు నుంచి ఆమె నన్ను మోకాలు అనే పిలుస్తుంది. ఇప్పటికీ ఆమెను తలచుకుంటే నవ్వొస్తుంది, ప్రేమ కూడా కలుగుతుంది.

మొదటిసారి పోయినప్పుడు డాక్టరమ్మ నన్ను ఏమైందని అడగలేదు. “పొద్దున లేచాక మొదటి అరగంట ఎలా ఉంటుంది?” అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఆమె కంగారుపడలేదు. మాత్రలు రాసి, మూడు వారాలదాకా ఏ తేడా కనిపించకపోవచ్చు, మధ్యలో ఆపొద్దు అని చెప్పి, “ఆ అరగంట ఎలా చెప్పాలో ఆలోచించుకుని రా” అంది. బడిపిల్లలకు ఇచ్చినట్టు ఇంటిపని ఇచ్చింది.

పర్వీన్ పరిచయమైంది ఆ హాల్లోనే. నంద్యాలలో ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది, నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఎప్పుడు చూసినా ఫోన్లో ఏదో చదువుతూ, మధ్యమధ్య ‘థూ’ అంటూ ఉండేది. ఏందని అడిగితే చూపించింది. అదొక కథ. కానీ ఊరికే చదివేది కాదు. నువ్వు పాడుబడ్డ కోటలో చిక్కుకున్నావు, ఇప్పుడేం చేస్తావు అని అడిగి కింద రెండు మూడు దారులు చూపిస్తుంది. ఒకటి నొక్కితే కథ అటు పోతుంది.

“పట్టు అక్కా, నా నంబరు వచ్చేదాకా ఆడు. నేను మూడు తూర్లు సచ్చినా” అని ఫోను నా చేతిలో పెట్టింది.

‘తలుపు తెరువు’ అని నొక్కాను. ‘తలుపు బిగుసుకుపోయింది’ అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. నాకు వొళ్ళు ఝల్లుమంది. నెలల తరబడి ఏమీ అనిపించని మనిషికి ఝల్లుమనడం చిన్న సంగతి కాదు. ఆ మొదటి అరగంటను మాటల్లో చెప్పలేను. కానీ ఎదుటి మనిషి చేత నొక్కించవచ్చు.

జనవరి

మాత్రలు పనిచేయడం మొదలుపెట్టాయి. పొద్దున్నే మెలకువ వచ్చాక కాఫీ వాసన తెలుస్తోందని ఒకరోజు గమనించాను. అప్పటిదాకా తెలియడం లేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి, ఇలాంటి కథల ఆటలు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికితే నేర్చుకోవడం మొదలుపెట్టాను. రోజుకు పావుగంట పని చేసేదాన్ని. కొన్ని రోజులు అదీ లేదు.

మొదట చేసింది చెత్త. చీకటి అన్నాను, లోతైన బావి అన్నాను, గుండె మీద బండ అన్నాను. పర్వీన్‌కు పంపితే ఫోన్ చేసింది.

“అక్కా, ఏమనుకోవాకు. దీంట్లో చీకటి అని పద్నాలుగు తూర్లు రాసినావు. నాకు ఎప్పుడూ చీకటి కనపళ్ళే. బాగా ఎండ ఉండె. ఎండలో గుమ్మం కాడ కూర్చుంటి. సూది కండ్ల ముందరే ఉండె, దారం చేతిలో ఉండె. ఎక్కించలేకపోతి. ఎవరికి చెప్పినా నవ్వుతారు. అది రాయి నువ్వు.”

నాకు కోపం వచ్చింది. మూడు రోజులు ఆమెకు జవాబు ఇవ్వలేదు. నాలుగో రోజు చీకట్లన్నీ తీసేశాను.

రెండోసారి ఆట ఇలా మొదలవుతుంది. ‘ఉదయం ఎనిమిది. బాగా ఎండ వచ్చింది. నువ్వు పడుకుని ఉన్నావు.’ కింద దారులు: ‘లే’. ‘కిటికీ వైపు చూడు’. ‘ఇంకాసేపు పడుకో’. ఎవరైనా ‘లే’ అనే నొక్కుతారు. నొక్కితే, ‘లేవాలని అనుకున్నావు. ఎనిమిదింబావు అయింది’ అని వస్తుంది. మళ్ళీ నొక్కితే, ‘లేచినట్టే ఉంది. చూస్తే కాళ్ళు దుప్పటిలోనే ఉన్నాయి. ఎనిమిదిన్నర.’ ఇంకొక్కసారి నొక్కితే ఆ ఒక్క పని ముక్కలవుతుంది: ‘దుప్పటి తియ్యి’, ‘కుడికాలు కింద పెట్టు’, ‘ఎడమకాలు కింద పెట్టు’. దుప్పటి తియ్యి అంటే అది మళ్ళీ రెండవుతుంది: ‘దుప్పటి ఎటువైపు తియ్యాలో తేల్చుకో’, ‘తేల్చుకోకుండా తియ్యి’. గడియారం మాత్రం ఎవరికోసమూ ఆగదు. ఇలా రాస్తుంటే నాకు భలే సరదాగా ఉండేది. నన్ను తినేసిన దాన్ని పట్టుకుని, దాని పళ్ళెన్నో లెక్కపెడుతున్నట్టు ఉండేది.

డాక్టరమ్మ పది నిమిషాలు ఆడింది. బయట హాల్లో మోకాళ్ళవాళ్ళు విసుక్కుంటున్నారు.

“దీంట్లో గెలుపు ఎక్కడుంది?” అంది.

“ఇంకా రాయలేదు మేడమ్.”

“తొందరపడి రాయకు. కానీ లేవలేని మనిషి కూడా చేయగలిగినది ఒక్కటైనా ఉంచు.”

అది బాగా ఆలోచించాను. లేవలేనప్పుడు నేను చేయగలిగి కూడా చేయనిది ఏముంది? అప్పుడు తెర అడుగున చిన్న అక్షరాలతో ఇంకో దారి పెట్టాను: ‘ఎవరినైనా పిలువు’. అది నొక్కితే ఒక ఖాళీ గడి వస్తుంది. అందులో పేరు రాయాలి. ఎవరెవరిని పిలుస్తారో ఊహించి జవాబులు రాసి పెట్టాను. అమ్మ అని రాస్తే అమ్మ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. స్నేహితురాలు అని రాస్తే ‘థూ, ఇంకా లేవలేదా’ అని ఫోన్ చేస్తుంది. డాక్టర్ అంటే మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది. దేవుడు అని రాస్తే ‘విన్నాడు. ఇంకొకరిని కూడా పిలువు’ అని వస్తుంది. చివరికి పిల్లి అని రాసినా ఒక జవాబు ఉంది. ఎంత ముందుచూపు అనుకుని నా వీపు నేనే తట్టుకున్నాను.

మార్చి

ఆట ఆడించడం మొదలుపెట్టాక తెలిసిన వింత ఇది: ఎవరి స్వభావం వాళ్ళ వేళ్ళలోనే ఉంటుంది. అమ్మ ఫోన్‌తో మాట్లాడుతూ ఆడింది. “లేమ్మా, లే, ఎండ ఎక్కె” అని తెరను బుజ్జగించింది. లేవకపోతే ‘తిను’ అన్న దారి వెతుక్కుంది. అది నొక్కితే, ‘ముద్ద నోట్లో ఉంది. నమలాలని గుర్తు రావడం లేదు’ అని వస్తుంది. అమ్మ అది రెండుసార్లు చదివి ఫోన్ పక్కన పెట్టింది.

“నేను కసిరి కసిరి కుక్కుతాంటి గదా నీకు” అంది.

“కుక్కకపోతే అది కూడా పోయేది కాదు లేమా” అన్నాను. అది నిజమే. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. ఆ సాయంత్రమే ఆట నాయన ఫోన్లో వేయించింది. నేను వద్దన్నాను. నిజంగా భయపడ్డాను. అది చూసి కూడా ఆయన సోమరితనం అంటే నా దగ్గర చూపించడానికి ఇంక ఏమీ మిగలదు.

నాయన ఫోన్ వాడేది విగ్రహాల ఫోటోలు పంపడానికే. భోజనం అయ్యాక షెడ్డులో రాళ్ళ మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని, అద్దాలు పెట్టుకుని, ‘లే’ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడు మధ్యాహ్నాలు అలాగే నొక్కాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ముక్కలైన దారుల వైపు పోలేదు, కిటికీ చూడలేదు, తినలేదు. ‘లే’ ఒక్కటే. కొట్టగా కొట్టగా లొంగని రాయిని ఆయన జన్మలో చూడలేదు. ఒకేచోట ఓపికగా వెయ్యి దెబ్బలు వేస్తే తెరుచుకోవాలి, అదీ ఆయన లెక్క. బొటనవేలు కూడా సుత్తి పడ్డట్టే పడుతోంది.

మూడో రోజు అన్నం దగ్గర గోడతో అన్నాడు: “ఆ ఆట చెడిపోయింది, పని చేస్తాలేదని ఆయమ్మకు చెప్పు.”

అమ్మ నా వైపు తిరిగింది. నేను అన్నాను: “చెడిపోలేదు. అది అంతే అని చెప్పు.”

“ఎంత కొట్టినా లేస్తాలేదు. మనిషన్నాక లేస్తాడు గదా, అడుగు.”

“లేవలేడు. అదే జబ్బు అని చెప్పు.”

నాయన ముద్ద కలపడం ఆపాడు. “అంటే ఆయమ్మకు ఇట్లనే ఉండెనా, అడుగు” అన్నాడు.

అమ్మ గరిటె కింద పడేసింది. “నేనేం పోస్టాఫీసా? ఎదురుగానే ఉండాది. నువ్వే అడుక్కో.”

నాయన అడగలేదు. చెయ్యి కడుక్కుని షెడ్డులోకి పోయాడు. ఏడు నెలలు బిగించుకున్న నోరు అంత సులభంగా తెరుచుకోదు కదా. నేను కూడా ఆయన కూతురినే, నోరు విప్పలేదు. కానీ ఆ మధ్యాహ్నం షెడ్డులోంచి సుత్తి చప్పుడు రాలేదు.

మర్నాడు గీతలు గీసే బల్ల దగ్గర కూర్చుని ఉంటే నీడ పడింది. నాయన. చేతిలో ఫోన్.

“ఈడ నా పేరు లేదంటాంది” అన్నాడు.

ఏడు నెలల తర్వాత నాకు చెప్పిన మొదటి మాట అది. ఫోన్ నా ముందు పెట్టాడు. అడుగున చిన్న అక్షరాల దారి ఆయనకు చివరికి కనిపించింది. నొక్కాడు. గడిలో, వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని ‘నాయన’ అని రాశాడు. దాని కింద నేను ఎప్పుడో రాసిపెట్టి మరిచిపోయిన మాట ఉంది. జాబితాలో లేని పేరు ఎవరు రాసినా వచ్చే మాట అది: ‘ఆ పేరుతో పిలవడానికి ఈ ఇంట్లో ఎవరూ లేరు.’

తెర మీది మాట మళ్ళీ చదివాను. పిల్లికి జవాబు రాశాను. నాయనకు రాయలేదు. కావాలని కాదు. తట్టనే లేదు.

“ఇది నువ్వే గదా” అన్నాడు తెర చూపించి. “నువ్వైతే నన్నే పిలుస్తావు అనుకుంటి.”

“నువ్వు ముఖం కాడ ఉంటివి నాయనా” అన్నాను. “ఎప్పుడూ ముఖం కాడనే ఉంటావు. పిలవగూడదు గదా.”

ఆయన అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. రాతిపొడి అంటిన పంచెతో తుడిస్తే అద్దాలు ఇంకా మసకబారాయి.

“నువ్వూ ముఖం కాడనే కూర్చుంటివి” అన్నాడు. “పదకొండు దినాలు. నీ ఎనకాలకొచ్చి నిలబడ్తి. ఏందిమ్మా అని నోటి దాకా వచ్చె, ఎన్నో తూర్లు. ముఖం కాడుండే మనిషిని పిలవగూడదని ఎనక్కి పోతి.”

గొప్పగా చెప్పుకునే మేనత్త తేలు కథ నాకు గుర్తొచ్చింది. మొదటిసారి ఆమె మీద జాలేసింది.

“సోమరితనం అంటివి” అన్నాను. ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

“అంటి.” తల వంచుకున్నాడు. “తెలీక అంటి. తప్పే.”

“ఇప్పుడు నీ పేరు పెడతా. నువ్వు ఏమంటావో చెప్పు, రాసుకుంటా. నేను పిలిస్తే ఏమంటావు?”

బాగా ఆలోచించాడు. “ముందరే ఎట్ల తెలుస్తాది? పిలిచినప్పుడు తెలుస్తాది” అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “నేను ముఖం కాడ ఉన్నా సరే” అన్నాడు.

జాబితాలో నాయన పేరు చేర్చాను. ఎదురుగా జవాబు గడి ఖాళీగా వదిలేశాను.

జులై

మాత్రలతో, నెలకోసారి నంద్యాల ప్రయాణంతో బాగానే గడిచింది. రెండు ముఖాలకు గీత గీశాను. పర్వీన్ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆట ఒకరి నుంచి ఒకరికి పోయి, ఎక్కడో పాణ్యంలో ఒక టీచరు తన భర్త చేత ఆడించానని రాసింది. అంతా కుదురుకుంది అనుకున్నాను. అందరికీ చెప్పేది ఒకటుంది: ఆట ఆడితేనో చేస్తేనో ఈ జబ్బు నయం కాదు. బాగున్నాం కదా అని మాత్రలు మన అంతట మనం ఆపకూడదు. ఆపకపోయినా ఒక్కోసారి అది మళ్ళీ వచ్చి తలుపు తడుతుంది. అప్పుడు ఓడిపోయామని అనుకోకూడదు. ఇది నేను ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను గానీ, జులైలో అది వచ్చిన పొద్దున అలా అనుకోలేకపోయాను.

ఆ పొద్దున బాగా ఎండ. కాఫీ వాసన లేదు. అమ్మ కూరగాయలకు పోయింది. ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిదింబావు. నా ఆట నా మీదే నడుస్తోందని అర్థమై నవ్వాలనుకున్నాను, నవ్వు రాలేదు. దుప్పటి తీశాను. కుడికాలు కింద పెట్టాను. షెడ్డు గుమ్మం దాకా పోవడానికి గంట పట్టింది.

నాయన ముఖం దగ్గర ఉన్నాడు. నల్లరాయి, కొత్త విగ్రహం, నేను గీసిన గీతలే. ఎడమచేతిలో ఉలి, సరిగ్గా ముక్కు మీద. సుత్తి లేచింది, పడింది. ఆయన నన్ను చూడలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మేనత్త నిలబడ్డ చోటే. ముక్కు పోతే మళ్ళీ ఒక ఊరు ఖాళీ ట్రాక్టర్‌తో వెనక్కి పోతుంది. ముప్పై ఏళ్ళుగా నోట్లో ఉన్న నియమం నాలుకను పట్టి లాగుతోంది. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. పోతే ఆ బండల మీదికే పోతానని తెలుసు.

“నాయనా” అన్నాను.

సుత్తి పైనే ఆగింది. ఉలి కదల్లేదు. ఆయన తల తిప్పకుండానే సుత్తి మెల్లగా దించాడు, ఉలిని గుడ్డ మీద పెట్టాడు, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

“ఆఁ. ఆడ్నే ఉండు. వస్తాండా.”

వచ్చి నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, నా పక్కన కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు, లేవమనలేదు. అమ్మ సంచితో వచ్చేదాకా అలాగే ఇద్దరం కూర్చున్నాం.

నాలుగు రోజుల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక వచ్చింది. ఇప్పుడు ఆ గడిలో ఎవరైనా ‘నాయన’ అని రాస్తే జవాబు వస్తుంది. ‘లే’ అన్నది నొక్కితే ఆ తర్వాత కూడా లేవరు, దాన్ని నేను మార్చలేదు. తెర మీద మాత్రం ఈ మూడు మాటలు వచ్చి, ఆట మూసేదాకా అలాగే ఉంటాయి: ఆఁ. ఆడ్నే ఉండు. వస్తాండా.